ఈ సంక్రాంతికి చెరువుగట్టు

సంక్రాంతికి ఊరెళ్లే బస్సుకో రైలుకో టికెట్లు దొరికాయంటే సగం పండగ అయిపోయినట్టే. మిగతా సగం ఎలా గడుస్తుందో మీకు తెలుసు. మొదటిరోజు పిల్లలు తాతగారి పెరడంతా కలయదిరుగుతారు. రెండోరోజు మధ్యాహ్నానికి "ఇక్కడ ఏం చెయ్యాలమ్మా?" అని మొదలవుతుంది. మూడోరోజు నుంచి అరుగు మీద కూర్చుని ఫోను. మీరు కోప్పడతారు, ఫోను లాక్కుంటారు. కానీ లాక్కున్నాక ఆ చేతికి ఇవ్వడానికి ఇంకొకటి ఉండాలి కదా.

ఆ ఇంకొకటి ఊరి చివరే ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో మన చెరువుల్లోనూ వరి కోసిన మళ్లలోనూ కరెంటు తీగల మీదా కనిపించే పిట్టల్లో చాలావాటిది ఈ ప్రాంతం కాదు. సైబీరియా నుంచి, మంగోలియా నుంచి, మధ్య ఆసియా పచ్చిక మైదానాల నుంచి, లదాఖ్ సరస్సుల నుంచి, హిమాలయాల సెలయేళ్ల నుంచి వచ్చినవి. అక్కడ శీతకాలంలో నీళ్లు గడ్డకట్టి, పురుగూ పుట్రా కనబడకుండా పోయి, తిండి కరువవుతుంది. అందుకని ఇలా దక్షిణానికి దిగుతాయి. మన దగ్గర అదే సమయానికి వానలతో నిండిన చెరువులు కొంచెం కొంచెంగా వెనక్కి తగ్గుతూ ఒడ్డున బురద వదులుతుంటాయి. ఆ బురద నిండా పురుగులు, నత్తలు. మీరు సెలవులకు ఊరికి చేరేసరికి అవి అక్కడ ఉంటాయి. వేసవి సెలవుల్లో వెళితే కనబడవు.

పిల్లల్ని ఒక పొద్దున చెరువుగట్టుకు తీసుకెళ్లమని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఒక పొద్దునతో ఆపకుండా, ఆ సెలవుల్లో వీలైనన్ని పొద్దులు అదే గట్టుకు వెళ్లమని కూడా. రోజుకో కొత్త చోటు చూపించాలని మనకు ఆత్రం. పిల్లలకు కావలసింది అది కాదు. నిన్న చూసిన మోడు మీద ఇవాళ కూడా అదే పిట్ట వాలిందా లేదా అన్నది వాళ్లకు పెద్ద సంగతి. అలా ఆరా తీయడం మొదలుపెట్టిన పిల్లవాడిని మరుసటి రోజు మీరు నిద్ర లేపక్కర్లేదు.

ఎక్కడ నిలబడాలో ముందు చెబుతాను. పొద్దున పూట సూర్యుడు మీ వీపు వెనక ఉండాలి. అంటే చెరువుకు తూర్పున నిలబడి పడమరకు చూడాలి. ఎండకు ఎదురుగా చూస్తే ప్రతి బాతూ నల్లటి మచ్చలాగే కనిపిస్తుంది, పిల్లలకు అయిదు నిమిషాల్లో విసుగొస్తుంది. పొద్దు పొడిచిన తరవాత మొదటి రెండు గంటలే అసలు సమయం. పొగమంచు దట్టంగా ఉన్న రోజున అది కొంచెం విడిచాక బయలుదేరండి. ముదురు పసుపు, తెలుపు చొక్కాలు వద్దు. మిగతా ఏ రంగైనా పరవాలేదు. సంచిలో నీళ్లు, నాలుగు సకినాలో అరిసెలో వెయ్యండి. ఆకలేసిన పిల్లకు ఏ పిట్టా అందంగా కనబడదు.

మామూలు ఊరచెరువులో ఏముంటాయంటే, నల్లటి ఒళ్లు, నుదుటి మీద తెల్లటి బొట్టుతో గుంపులు గుంపులుగా ఈదేవి బొల్లికోళ్లు. వాటి మధ్య పిడికెడంత ఉండి, చూస్తుండగానే బుడుంగున మునిగిపోయేది మునుగుడుకోడి. పిల్లలతో ఆట ఇక్కడే మొదలుపెట్టొచ్చు. మునిగింది కదా, ఎక్కడ తేలుతుందో వేలితో చూపించమనండి. అది దాదాపు ఎప్పుడూ మనం అనుకోని చోటే తేలుతుంది. ఎంతసేపు నీళ్లలో ఉందో అంకెలు లెక్కపెట్టమనండి. రెండు రోజులు ఈ ఒక్క ఆటే ఆడినా నష్టం లేదు. మోడు మీద రెక్కలు చాపుకుని కూర్చున్న నీటికాకిని చూసి ఎందుకలా కూర్చుందని అడుగుతారు. దాని ఈకలు బాతు ఈకల్లా నీటిని పూర్తిగా ఆపవు, తడుస్తాయి. తడిస్తేనే లోతుకు మునగడం తేలిక. వేట అయ్యాక ఎండలో ఆరబెట్టుకోవాలి.

ఒడ్డు దగ్గర బూడిద మట్టి రంగులో మెడ లోపలికి ముడుచుకుని నిలబడ్డ గుడ్డికొంగను పిల్లలు ముందు గమనించనే గమనించరు. అది ఎగిరినప్పుడు ఒక్కసారి రెక్కలన్నీ తెల్లగా తెరుచుకుంటాయి. వాళ్ల నోట 'అబ్బా' అన్న మాట రానివ్వండి. మీరు ముందే "అదిగో చూడు, ఎగిరితే తెల్లగా ఉంటుంది" అని చెప్పేస్తే ఆ క్షణం వాళ్లకు దక్కదు.

నీటి మధ్యలో బాతులుంటే తలకిందులై తోక పైకి లేపి మేసేవాటిని చూడండి. తోక సన్నగా సూదిలా సాగి ఉంటే సూదితోక బాతు, ముక్కు గరిటెలా వెడల్పుగా ఉంటే షోవెలర్. ఇటుక రంగు ఒంటితో జంటగా తిరిగేవి కనబడితే పిల్లలకు ఆగి చెప్పండి, మన కావ్యాల్లో విరహానికి పేరుపడిన చక్రవాకాలు ఇవేనని. అవి లదాఖ్, టిబెట్ వైపు గుడ్లు పెట్టి శీతకాలం ఇక్కడ గడుపుతాయి. అదృష్టం బాగుంటే, తెల్లటి తల మీద రెండు నల్లటి అడ్డగీతలున్న పెద్ద బాతులు పొలంలో గడ్డి మేస్తూ కనిపించవచ్చు. వాటిని బార్ హెడెడ్ గూస్ అంటారు. మంగోలియా, టిబెట్ ప్రాంతాల నుంచి హిమాలయాలు దాటి వచ్చే పక్షులివి. ఒంటికి చిన్న యంత్రాలు కట్టి పరిశీలించినప్పుడు 7,000 మీటర్లకు పైన ఎగిరినట్టు కూడా నమోదైంది. అంత ఎత్తున గాలి ఎంత పలచగా ఉంటుందో, మనిషి అక్కడ నాలుగడుగులు వేయడానికే ఎంత ఆయాసపడతాడో ఎనిమిదో తరగతి పిల్లలకు చెబితే పాఠంలోని వాతావరణ పొరలు ఒక్కసారిగా నిజమైపోతాయి.

చెరువు లేని ఊరు కదా మాది అంటారా? తెలంగాణలో యాసంగి నాట్ల కోసం ఆ రోజుల్లోనే దమ్ము చేస్తుంటారు. ట్రాక్టరు బురదను తిరగేస్తుంటే వెనకాలే తెల్లకొంగలు వరసకట్టి నడుస్తాయి. వాటి కాళ్ల మధ్య పరిగెడుతూ తోక కిందికీ పైకీ ఊపేవి కాటుకపిట్టలు, సన్నటి కాళ్లతో బురద పొడిచేవి ఉల్లంకిపిట్టలు. కృష్ణా డెల్టాలో అయితే వరి కోసేసిన మాగాణిలో మినుము మొలకెత్తుతుంటుంది, ఆ తడి నేల మీద కూడా ఇవే. గట్టు మీద కూర్చుని అరగంట చూస్తే చాలు.

ఇక్కడ తల్లిదండ్రులకు ఎదురయ్యే అసలు చిక్కు గురించి మాట్లాడాలి. "నాన్నా, అదేం పిట్ట?" అని అడుగుతారు. మనకు తెలియదు. తెలియదని చెప్పడానికి మొహమాటపడి "ఏదో పిట్టలే" అంటాం. ఆ ఒక్క మాటతో ప్రశ్న చచ్చిపోతుంది. తెలియదని చెప్పండి. వెంటనే, తెలుసుకుందామనీ చెప్పండి. పిచ్చుక కంటే పెద్దదా, కాకి కంటే చిన్నదా? ముక్కు కొక్కెంలా ఉందా, సూదిలా ఉందా? నడుస్తోందా, గెంతుతోందా? ఏం తింటోంది? పేరు తెలియకపోయినా ఈ నాలుగూ పిల్లలే చెప్పగలరు. ఇంటికెళ్లి కాగితం మీద గీయమనండి. బొమ్మ బాగుండక్కర్లేదు. ముక్కు ఎలా ఉందో గీయడానికి కూర్చున్నప్పుడే, తాము ముక్కు సరిగా చూడలేదని వాళ్లకు తెలుస్తుంది. మర్నాడు ముక్కే చూస్తారు. తాతగారినో, పొలంలో పనిచేస్తున్నవాళ్లనో అడగమనండి. వాళ్లు ఆ పిట్టను ఏ పేరుతో పిలుస్తారో, అది ఏ నెలలో వస్తుందో, ఏ పంట మీద వాలుతుందో చెబుతారు. పుస్తకంలో లేని సంగతులు చాలా దొరుకుతాయి.

ఒక పెద్దమనిషి ఒక పిల్లవాడి ప్రశ్నను ఎలా అందుకున్నాడో చెబుతాను. మన దేశపు పక్షిశాస్త్రానికి పెద్దదిక్కయిన సలీం అలీ 1896లో బొంబాయిలో పుట్టారు. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే మేనమామ పెంచారు. ఒకరోజు ఆ పిల్లవాడు బొమ్మ తుపాకీతో ఒక పిచ్చుకను కొట్టాడు. చూస్తే దాని గొంతు కింద పసుపు మచ్చ ఉంది. ఇదేం పిచ్చుక అని మేనమామను అడిగాడు. ఆయన తనకు తెలియదని, తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లమని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడ కార్యదర్శిగా ఉన్న మిల్లార్డ్ అనే ఇంగ్లీషు ఆయన, బెరుకుగా నిలబడ్డ ఆ కుర్రాణ్ని లోపలికి పిలిచి, అది పసుపు గొంతు పిచ్చుక అని చెప్పి, అంతటితో పంపించేయకుండా సొసైటీలో భద్రపరచిన పక్షుల నమూనాలన్నీ చూపించారు. తన జీవితం ఆ రోజు మలుపు తిరిగిందని సలీం అలీ తన ఆత్మకథలో చెప్పుకున్నారు. ఆయనే తరవాత 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి హైదరాబాద్ సంస్థానపు పక్షుల సర్వే చేశారు. ఆ మేనమామ ఎంత మంచి పని చేశాడో అని నాకనిపిస్తుంది. తెలియదన్నాడు, తెలిసిన చోటు చూపించాడు. మీరూ నేనూ చేయగలిగింది అది.

ఇంకొక మాట. పిల్లలు కదులుతూనే ఉంటారు, మాట్లాడుతూనే ఉంటారు. "ష్, మాట్లాడకు, ఎగిరిపోతాయి" అని ప్రతి నిమిషం గదమాయిస్తే వాళ్లకు గుర్తుండేది మీ గదమాయింపే. చేతికి పని ఇస్తే చాలావరకు నోరు దానంతటదే ఆగుతుంది. లెక్కపెట్టడం, గీయడం, గడియారం చూడటం, ఏదో ఒకటి. అయిదేళ్ల లోపు పిల్లలు పది నిమిషాలకు మించి నిలబడరు. నిలబడనవసరం కూడా లేదు. గట్టు దిగి ఇసకలో ఆడుకోనివ్వండి, మీరు చూస్తూ ఉండండి. మీరు ఇష్టంగా చూస్తున్నదాన్ని వాళ్లు వచ్చి ఎప్పుడో ఒకప్పుడు చూస్తారు. మీరు ఫోను చూసుకుంటూ వాళ్లను పిట్టల్ని చూడమంటే మాత్రం చూడరు.

చెరువుకు వెళ్లడం కుదరని రోజున కరెంటు తీగ చాలు. ఊరి పొలిమేరలో ఒక తీగను ఎంచుకుని దాని మీద ఎవరెవరు ఎక్కడ కూర్చుంటారో చూడండి. చీలిన తోకతో నల్లగా నిగనిగలాడేది ఏట్రింత. పశువుల పోలిగాడు అని కూడా అంటారు. పశువులు మేస్తుంటే లేచే పురుగుల్ని గాల్లోనే పట్టుకుంటుంది. చిన్నగా ఆకుపచ్చగా ఉండేది పసరికపిట్ట. తేనెటీగను పట్టి తీగకేసి బాదిబాది కొండి విరిచాక గానీ మింగదు. బాదడం కంటికి కనిపిస్తుంది, పిల్లలు దీన్ని ఎంతసేపైనా చూస్తారు. పాలపిట్ట కూర్చున్నప్పుడు మామూలు మట్టిరంగు పిట్టలా ఉండి, నేల మీదికి దూకేటప్పుడు నీలం రెక్కలు విప్పుతుంది. గుంపుగా వరసకట్టిన చిన్నచిన్న పిట్టలు, తోక చివర రెండు సన్నటి పుల్లల్లా ఉన్నవి, బార్న్ స్వాలోలు. ఇవి చలికాలపు చుట్టాలు. జొన్నచేలున్న చోట సాయంత్రం పూట గులాబీ రంగు ఒళ్లు, నల్లటి తల ఉన్న గోరింకలు వందల కొద్దీ వస్తాయి. మధ్య ఆసియా నుంచి, ఇంకా పడమటి నుంచి వచ్చి మన జొన్నకంకుల మీద పడతాయి. రైతుకు వాటి మీద కోపం ఉంటుంది, అది న్యాయమే. వాటికి పంట తిండే కాదు, మిడతలు కూడా బాగా ఇష్టమైన తిండని మీరు పక్కన చెప్పండి. పొద్దు వాలే వేళ పడుకునే చెట్ల దగ్గరికి చేరుతూ ఆకాశంలో మేఘంలా మలుపులు తిరుగుతాయి. ఏ టీవీలోనూ అలా కనబడదు.

పక్షులొక్కటే చూడమని నేననడం లేదు. చెరువు ఒడ్డు తడిమట్టి రాత్రి ఎవరెవరు వచ్చారో రాసిపెడుతుంది. కుక్క అడుగులా ఉండి కొంచెం సన్నగా పొడుగ్గా, ఒకే వరసలో సాగిపోతే నక్క కావచ్చు. మూడు వేళ్లు ముందుకు, ఒక వేలు వెనక్కి ఉన్న పెద్ద అడుగు కొంగది. మధ్యలో తోక ఈడ్చిన గీత, రెండు పక్కలా గోళ్ల గుర్తులు ఉంటే ఉడుము. బాటపక్కన నలుపూ తెలుపూ పట్టీల ముల్లు దొరికితే అది ఏదుపందిది, ఇంటికి తెచ్చుకోకుండా అక్కడే చూసి వదిలెయ్యమనండి. భోగినాడు పిల్లల తల మీద పోసే రేగిపళ్లు నక్కలకూ ఇష్టమే. బీడు భూముల్లో నక్క రెట్టలో రేగి గింజలు కనబడతాయి. పిగిలిపిట్టలూ నక్కలూ తిని అక్కడక్కడా వదిలిన గింజల నుంచే ఎన్నో రేగిపొదలు మొలిచాయి. తమ తల మీద పడిన పండుకూ నక్కకూ సంబంధం ఉందంటే చిన్నపిల్లలు కడుపుబ్బ నవ్వుతారు, ఎప్పటికీ మరిచిపోరు. గోదావరి ముఖద్వారం దగ్గర కోరింగ మడ అడవుల్లో చేపలు పట్టే బావురుపిల్లి ఉంటుంది. రాత్రి తిరుగుతుంది కాబట్టి మన కంట పడటం అరుదు. అయినా దాని కథ చెప్పండి.

పల్లె కదా, ఏం భయం అనుకోవద్దు. పిట్టను చూస్తూ నడిచే పిల్ల కింద చూడదు. పిట్టగోడ లేని పాతబావులు చాలా పొలాల్లో ఉన్నాయి. ముందురోజు మీరు ఒక్కరే వెళ్లి దారి చూసి రండి. అడవిపందుల కోసం కొందరు చేల చుట్టూ దొంగచాటుగా కరెంటు తీగ కడతారు. ఏ తీగనూ ముట్టుకోకూడదన్నది ఇల్లు కదిలే ముందే చెప్పాల్సిన మాట, పొలం యజమానిని అడిగాకే చేలోకి అడుగు పెట్టండి. చలికాలంలో పాములు పొద్దున ఎండ కాగడానికి గట్ల మీదికి వస్తాయి. రక్తపింజరి ఎండుటాకుల్లో, వరిమోళ్లలో కనబడకుండా కలిసిపోతుంది. బూట్లు వేయండి. గడ్డివాముల్లో చెయ్యి పెట్టనివ్వకండి. చెరువు తూము దగ్గర, నాచు పట్టిన మెట్ల దగ్గర పిల్లల చెయ్యి వదలకండి. మంజీరా వంటి చోట్ల మొసళ్లుంటాయి, నీటి అంచుకు పోనే పోవద్దు. ఇవన్నీ ఒకసారి స్థిమితంగా చెప్పి ఊరుకోండి. దారి పొడుగునా హెచ్చరిస్తుంటే పొలమంటేనే భయం పట్టుకుంటుంది.

పండగ పనుల్లోనే పక్షులకు చోటుంది. కొత్త వరికంకుల్ని కుచ్చులుగా అల్లి ఇంటి చూరుకూ గుడి మంటపానికీ వేలాడదీసే పద్ధతి మన పల్లెల్లో ఉండేది, కొన్ని చోట్ల ఇంకా ఉంది. పిచ్చుకల కోసం కట్టేవి అవి. మీ ఊళ్లో అల్లడం వచ్చిన తాతగారెవరైనా ఉంటే పిల్లల్ని ఆయన దగ్గర కూర్చోబెట్టండి. వచ్చినవాళ్లు ఏటేటా తగ్గుతున్నారు, నేర్చుకోవడానికి ఇదే సమయం. కుచ్చు కట్టాక పిచ్చుకలు వెంటనే రావు. ఒకటి రెండు రోజులు ఆగి, చుట్టూ చూసుకుని, ఆ తరవాత వాలతాయి. ఆ ఎదురుచూపు పిల్లలకు మంచిది.

అదే పండగలో గాలిపటం కూడా ఉంది, దాన్ని గురించి గట్టిగానే చెబుతాను. నైలాను మాంజా, గాజుపొడి పూసిన మాంజా కొనివ్వకండి. తెగిన దారం చెట్లలో నెలల తరబడి చిక్కుకుని ఉంటుంది, కుళ్లదు. రెక్క తగులుకున్న కొంగ, గద్ద, చిలుక అక్కడే కొట్టుకుని కొట్టుకుని చనిపోతాయి. మనుషుల గొంతులూ తెగుతున్నాయి. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నైలాను మాంజాను నిషేధించినా దుకాణాల్లో అమ్ముతూనే ఉన్నారు. మామూలు నూలుదారంతో పటం బ్రహ్మాండంగా ఎగురుతుంది. పక్షులు గూటికి వెళ్లి వచ్చే పొద్దున, సాయంత్రం వేళలు వదిలేసి మధ్యాహ్నం ఎగరేయమనండి. ఎందుకో చెబితే పిల్లలు మనకన్నా తొందరగా ఒప్పుకుంటారు.

పెద్దవాళ్ల నమ్మకాలతో కాస్త నేర్పుగా వ్యవహరించాలి. గుడ్లగూబ అరిస్తే చావు అని నానమ్మ అంటే ఆవిణ్ని పిల్లల ముందు తక్కువ చేయకండి. ధాన్యం కొట్టులో ఎలుకల్ని రాత్రంతా ఏరేది గుడ్లగూబే అని పిల్లలకు చెప్పండి, నానమ్మ వింటుండగానే చెప్పండి. సాయంత్రం చింతచెట్టు తొర్రలోంచి పసుపు కళ్లతో తొంగిచూసే పైడికంటెను పిల్లలకు ఒక్కసారి చూపిస్తే చాలు, భయం పోతుంది. ఇక దసరాకు పాలపిట్టను చూడటం మన ఆచారం, ఎంతో అందమైన ఆచారం. కానీ పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి వీధి వీధికీ తిప్పి చూపించి డబ్బు తీసుకునేవాళ్ల దగ్గర చూడటం పుణ్యం కాదు. రామచిలుకను ఇంట్లో పెంచడం కూడా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమే. మీ పిల్ల చిలుక కావాలని మారాం చేస్తే ఊరి చివర మర్రిచెట్టు దగ్గరికి సాయంత్రం తీసుకెళ్లండి. చిలకల గుంపు అరుచుకుంటూ వచ్చి వాలే తీరు చూశాక పంజరం సంగతి మీరే వాళ్లతో మాట్లాడవచ్చు.

పేరున్న చోట్లకు వెళ్లాలనుకుంటే వెళ్లండి, ఊరి చెరువు కాస్త అలవాటయ్యాక. సూళ్లూరుపేట దగ్గర నేలపట్టులో గూడబాతులు నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతుంటాయి. పక్కనే పులికాట్ సరస్సు, ఉప్పునీరూ మంచినీరూ కలిసే సరస్సుల్లో దేశంలో చిలికా తరవాత అంత పెద్దది. అక్కడ రాజహంసలు తల తలకిందులుగా నీళ్లలో పెట్టి బురదనీటిని వడగట్టి తింటాయి. వాటి గులాబీ రంగు తిండి వల్ల వచ్చేదే, చిన్నపిల్లలప్పుడు బూడిద రంగులో ఉంటాయి. గుంటూరు దగ్గర ఉప్పలపాడు, కైకలూరు దగ్గర కొల్లేటి ఆటపాక, హైదరాబాద్ పక్కన 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించిన అమీన్‌పూర్ చెరువు కూడా దగ్గర్లోవాళ్లకు ఒక్కపూట ప్రయాణం.

వీటిలో నాకు ఎక్కువ ఇష్టమైనవి శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం, అనంతపురం వైపు వీరాపురం. రెండూ ఊళ్లే. ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే గూళ్లు పెట్టుకుంటాయి. రెట్టల వాసన, రోజంతా గోల, కింద పడే చేపల ముక్కలు, ఇవన్నీ భరిస్తూ ఆ ఊళ్లవాళ్లు వాటిని తమ ఆడపడుచుల్లా చూసుకుంటారు. పిల్లలకు చూపించాల్సింది పక్షుల్నే కాదు, ఆ మనుషుల్ని కూడా. అక్కడ చెట్టు కిందికి పరుగెత్తనివ్వకండి, చప్పట్లు కొట్టి లేపనివ్వకండి. తల్లిపక్షి బెదిరి లేచిన నిమిషంలోనే కాకి వచ్చి గుడ్డు ఎత్తుకుపోతుంది.

బైనాక్యులర్లు కొనాలా అని అడుగుతారు. మొదటి ఏడాది వద్దు. పిల్ల మళ్లీ మళ్లీ అడిగితే అప్పుడు 8 రెట్లు పెద్దది చేసి చూపే తేలికపాటిది కొనండి. 8x32 అని రాసి ఉన్నది చిన్న చేతులకు బరువనిపించదు. 20 రెట్లు, 30 రెట్లు అని అమ్మే చవకవి చేతిలో వణుకుతాయి, ఏమీ కనబడదు. సూర్యుడి వైపు తిప్పకూడదన్నది మొదటి పాఠం, కన్ను పోతుంది. కూత విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ లాంటి యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి, మంచివే. ముందు పిల్లలు చూసి, గీసి, ఊహించాక ఆ తరవాత ఫోను తీయండి. రికార్డు చేసిన కూత వినిపించి పిట్టను దగ్గరికి రప్పించే పని మాత్రం చేయకండి. తన చోటులోకి వేరే పిట్ట వచ్చిందనుకుని అది కంగారుపడి తిరుగుతుంది. కెమెరా చేతికొచ్చిన పెద్దపిల్లలకు ఈ మాట మరీ చెప్పాలి.

సెలవులయ్యి పట్నం తిరిగొచ్చాక ఇదంతా ఆగిపోనక్కర్లేదు. ఏటా ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు ప్రపంచమంతా ఇళ్ల దగ్గరే పక్షుల్ని లెక్కపెడుతుంది, గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అంటారు. మేడ మీద పదిహేను నిమిషాలు నిలబడి కనబడినవి రాసి ఈబర్డ్ అనే వెబ్‌సైటులో ఎక్కిస్తే చాలు. కాకులు, పావురాలు, మైనాలే ఉన్నా అవీ లెక్కే. మీ అమ్మాయి రాసిన అంకె శాస్త్రవేత్తలు చూసే పట్టికలో చేరుతుంది. అది వాళ్లకు చెప్పండి.

పట్నపు మేడల మీద కూడా చలికాలంలో తెల్లటి ముఖం ఉన్న కాటుకపిట్ట తోక ఊపుకుంటూ తిరుగుతుంది. తల నల్లగా ఉండి కంటి పైన మాత్రం తెల్లటి గీత ఉంటే అది ఏడాదంతా ఇక్కడే ఉండే రకం. ముఖమంతా తెల్లగా ఉన్నదే వలస వచ్చింది. ఏప్రిల్ దాటాక ఇది కనబడదు. చివరిసారి ఏ తేదీన చూశారో వంటింటి క్యాలెండరు మీద పిల్లల చేతే రాయించండి. సెప్టెంబరు నుంచి మళ్లీ మేడెక్కి వెతకమనండి, మొదట కనబడిన తేదీ కూడా రాయించండి. పరీక్షలు, ట్యూషన్ల హడావుడిలో పిల్లలు మరిచిపోవచ్చు. సెప్టెంబరు ఒకటో తారీకున గుర్తుచేయడం, డిసెంబరు ఆఖరున ఆ రెండు తేదీల్నీ కొత్త క్యాలెండరు మీదికి ఎక్కించడం మీ వంతు.